ఏ ప్రపంచానికి పౌరులం?

యూనివర్సిటీల్లో, డిగ్రీ కాలేజీల్లో ఒక రకం సభలు బాగా పెరిగాయి. ఫ్లెక్సీ మీద ‘గ్లోబల్ సిటిజన్‌షిప్’ అనో, ‘రేపటి నాయకులు’ అనో, ‘మారుతున్న ప్రపంచంలో యువత పాత్ర’ అనో వుంటుంది. వక్త రిటైరైన దౌత్యాధికారో, విదేశాల్లో పనిచేసి వచ్చిన కంపెనీ పెద్దో అయివుంటాడు. జ్యోతి ప్రజ్వలన, పూలగుచ్ఛం, వక్త పదవుల జాబితా చదవడానికి పది నిమిషాలు, ఉపన్యాసం నలభై నిమిషాలు, శాలువా, మెమెంటో, వందన సమర్పణ. కుర్చీలు ఖాళీగా కనపడకూడదని రెండు క్లాసులు రద్దుచేసి పిల్లల్ని తోలుకొస్తారు. వెనక వరసలోంచి ఒక లెక్చరర్ జియోట్యాగ్ ఫోటో తీస్తాడు. న్యాక్ వాళ్లు వచ్చినప్పుడు ఫైల్లో పెట్టాలి కదా. ఆ ఫోటోతో సభ ప్రయోజనం సగం తీరిపోతుంది.

విలేకరిగా ఇలాంటి సభలకి చాలా ఏళ్లుగా వెళ్తున్నాను. తెలుగు పత్రికకీ, ఉర్దూ అఖ్బారుకీ వీటి వార్తలు రాశాను. కథనీ కవితనీ విమర్శకి పెట్టినట్టే ఈ ఉపన్యాసాన్ని కూడా విమర్శకి పెట్టాలని ఎవరికీ ఎందుకు తోచలేదో నాకు తెలీదు. ఏడాదికి ఎన్ని వేలమంది పిల్లలు వింటున్నారు! మన కథాసంకలనాలకి అంతమంది పాఠకులు లేరు. పైగా దీనికీ ఒక భాష వుంది, ఒక వ్యాకరణం వుంది. గమనించండి. ‘యుద్ధాలు జరుగుతున్నాయి’, ‘వలసలు పెరుగుతున్నాయి’, ‘ఉద్యోగాలు మారిపోతున్నాయి’. ఏ వాక్యంలోనూ చేసినవాడు కనపడడు. బాంబు వేసినవాడు లేడు, ఊరు ఖాళీ చేయించినవాడు లేడు, ఉద్యోగం తీసేసినవాడు లేడు. అన్నీ వానలాగా వాటంతటవే కురుస్తున్నాయి. చివరి పది నిమిషాల్లో మాత్రం చేయాల్సినవాడు ఒకడు దొరుకుతాడు. వాడు ఎదురుగా కూర్చున్న పంతొమ్మిదేళ్ల పిల్లవాడు. ‘ప్రపంచాన్ని మార్చాల్సింది మీరే’ అంటాడు వక్త. హాలంతా చప్పట్లు.

ఈ మాట మన కాలేజీలకి ఎక్కడినుంచి వచ్చింది? 2012 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ విద్య గురించి ఒక కార్యక్రమం ప్రకటించాడు. పిల్లలందర్నీ బడికి పంపడం, చదువు నాణ్యత పెంచడం, ప్రపంచ పౌరసత్వాన్ని పెంపొందించడం దాని మూడు లక్ష్యాలు. 2015లో ఆమోదించిన సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో నాలుగోదానికింద, 4.7 అంకెతో, అదే మాట మళ్లీ వచ్చింది. 2020 జూలైలో వచ్చిన మన జాతీయ విద్యావిధానం కూడా విద్యార్థి భారతీయుడినన్న గర్వంతోబాటు నిజమైన ప్రపంచ పౌరుడు కావాలంది. 2022 డిసెంబర్ 1న భారతదేశం జి-20 అధ్యక్షత చేపట్టిన రోజునే 75 యూనివర్సిటీలను కలుపుకుని ‘యూనివర్సిటీ కనెక్ట్’ పేరుతో ఉపన్యాసాల పరంపర మొదలైంది. ఒకే భూమి, ఒకే కుటుంబం, ఒకే భవిష్యత్తు అన్నది ఆ ఏటి నినాదం. మాటలో తప్పు పట్టడానికేం లేదు. కుటుంబం అన్నాక ఇంట్లో ఎవరు పీటమీద కూర్చుంటారు, ఎవరు గడప బయట నిలబడతారు అన్నదే ప్రశ్న.

‘లీడర్‌షిప్’ గురించి ఎక్కువ చెప్పను. మేనేజ్‌మెంట్ కాలేజీల సరుకు అది. అందరూ నాయకులైతే వెనక నడిచేవాళ్లెవరని ఏ పిల్లవాడూ అడగడు, ఏ వక్తా చెప్పడు.

అతిథి ఉపన్యాసం ఎప్పుడూ ఇలాగే వుండేదా? వుండేది కాదు. 1916 జూన్‌లో రవీంద్రనాథ్ టాగోర్ తోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీలో మాట్లాడాడు. నోబెల్ వచ్చి మూడేళ్లు కూడా కాలేదు. ఆసియాలో లేచి నిలబడ్డ ఒకే ఒక్క బలమైన దేశమని జపాన్ మురిసిపోతున్న కాలం. ఆయన ఆ దేశంలోనే నిలబడి యూరప్ జాతీయవాదాన్ని చూసి వాతలు పెట్టుకోవద్దని చెప్పాడు. రైల్వేస్టేషన్లో పూలదండలతో ఎదురొచ్చినవాళ్లే, ఓడిపోయిన దేశపు కవి అని ఎగతాళి చేశారు. 1924లో చైనాలో కొందరు విద్యార్థులు ఆయనకి వ్యతిరేకంగా కరపత్రాలు పంచారు. టాగోర్ చెప్పిందంతా ఒప్పని నేననను. కానీ అతిథి తనని పిలిచినవాళ్లకి నచ్చని మాట చెప్పాడు. విన్నవాళ్లు ఎదురు తిరిగారు. ఉపన్యాసం అంటే అది.

మన నేలమీదికే వద్దాం. 1929 జనవరిలో ఇక్బాల్ దక్షిణాదికి వచ్చాడు. మద్రాసు ముస్లిం అసోసియేషన్ పిలిచింది. మద్రాసు, మైసూరు చూసుకుని హైదరాబాద్ వచ్చి ఇక్కడా మాట్లాడాడు. ఉస్మానియా యూనివర్సిటీకి అప్పటికి పదేళ్లు దాటాయి. ఉర్దూ మాధ్యమంలో సైన్సూ, మెడిసినూ చెప్తున్న రోజులు. ఇక్బాల్ ప్రసంగాల్లో గజాలీ పక్కన కాంట్, రూమీ పక్కన నీషే, ఐన్‌స్టీన్ వున్నారు. ఆ ప్రసంగాలన్నీ తర్వాత పుస్తకంగా వచ్చాయి. ఆరోది ఇజ్తిహాద్ గురించి. అంటే ధర్మశాస్త్రాన్ని మన కాలానికి మనమే తిరిగి ఆలోచించుకునే హక్కు. ముస్లిం శ్రోతల ముందు నిలబడి మీ మౌల్వీలు మూసేసిన తలుపు తెరవాలని చెప్పడం చిన్నమాట కాదు. ఇక్బాల్ తర్వాత పోయిన దారితో నాకు పేచీ వుంది. ఆ ఆరో ప్రసంగంతో లేదు. మన సెక్యులర్ మిత్రులు చాలామంది ఇక్బాల్ అనగానే పాకిస్తాన్ అంటారు తప్ప, హైదరాబాద్ శ్రోతలు విన్న ఇక్బాల్‌ని చదవరు. మా మౌలానాలు షికవా పద్యాలు అప్పజెబుతారు తప్ప వాళ్లూ ఈ ప్రసంగాలు చదవరు.

నాకు ఇంకా ఇష్టమైన ఉదాహరణ ఖాలిదా ఎదీబ్ ఖానమ్. టర్కీ నవలా రచయిత్రి. దేశం ఆక్రమణలో వున్నప్పుడు ఇస్తాంబుల్ వీధుల్లో సభల్లో మాట్లాడింది. 1920లో సుల్తాన్ ప్రభుత్వం ముస్తఫా కెమాల్‌తో బాటు ఆమెకీ మరణశిక్ష వేసింది. కెమాల్ గెలిచాడు. రిపబ్లిక్ వచ్చింది. ఆ రిపబ్లిక్‌తో కూడా ఆమెకి పడలేదు. 1920ల మధ్యలో భర్తతో కలిసి దేశం విడిచి 1939 దాకా బయటే బతికింది. 1935 మొదట్లో డాక్టర్ అన్సారీ పిలుపు మీద ఢిల్లీ జామియా మిల్లియాకి వచ్చి వరసగా ఉపన్యాసాలిచ్చింది. ఒక సభకి గాంధీ అధ్యక్షుడు. ఆ ఉపన్యాసాలు ‘టర్కీలో తూర్పు పడమరల సంఘర్షణ’ అన్న అర్థం వచ్చే పేరుతో ఇంగ్లీషులో పుస్తకమయ్యాయి. ఆ పర్యటనలో హైదరాబాద్‌కూ వచ్చింది.

ఎదురుగా కూర్చున్నవాళ్లెవరో ఆలోచించండి. పదిహేనేళ్ల కింద ఖిలాఫత్ కోసం జైళ్లకు పోయినవాళ్లు. తల్లులు నగలు తీసిచ్చినవాళ్లు. జామియానే ఆ ఉద్యమంలోంచి 1920లో పుట్టింది. ఆ ఖిలాఫత్‌ని 1924లో రద్దుచేసింది ఆమె దేశమే! అలాంటి హాల్లో నిలబడి ఒక ముస్లిం స్త్రీ, బురఖా లేకుండా, తన దేశం ఆ దారి ఎందుకు పట్టిందో విడమరిచి చెప్పింది. తనని పరాయిదాన్ని చేసిన ప్రభుత్వం గురించి పగతో కాకుండా చెప్పింది. పౌరసత్వం గురించి మాట్లాడ్డానికి ఆమెకి అర్హత వుంది. అది పోగొట్టుకోవడం అంటే ఏమిటో ఒంటిమీద తెలుసు.

అలాగని ఆమెని పీఠమ్మీద కూర్చోబెట్టను. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో లెబనాన్‌లోని అంతూరా అనాథాశ్రమం బాధ్యతల్లో ఆమె వుంది. ఆర్మేనియన్ అనాథ పిల్లలకి అక్కడ తురకపేర్లు పెట్టారు, మతం మార్చారు. తూర్పు పడమరల సంఘర్షణ గురించి అంత నిజాయితీగా మాట్లాడిన మనిషికి ఆ పిల్లల పేర్ల గురించి జవాబు దొరకలేదు. పేరు మార్చడం అంటే ఏమిటో ఈ దేశంలో ఊళ్ల పేర్లు మారుతుంటే చూస్తున్న మనకి తెలుసు కాబట్టి, అది కూడా మనమే చెప్పుకోవాలి. ఇంకొకళ్లు చెప్తే మనల్ని కొట్టడానికి చెప్తారు.

ఇప్పుడు మా సంగతి. ‘ప్రపంచ పౌరుడు’ అన్న మాట ముస్లిం దగ్గరికి వచ్చేసరికి తలకిందులవుతుంది. డాక్టర్ అన్సారీ 1912లో బాల్కన్ యుద్ధ క్షతగాత్రుల కోసం వైద్యబృందాన్ని తీసుకుని టర్కీ వెళ్లాడు. పరాయి దేశపు గాయానికి కట్టుకట్టడానికి సముద్రం దాటిన ఆ పనిని ఇప్పటి ఫ్లెక్సీ భాషలో గ్లోబల్ సిటిజన్‌షిప్ అనాలి. కానీ మాకు చిన్నప్పట్నించీ వినిపించిన మాట వేరు. ‘వీళ్ల ఒళ్లు ఇక్కడ, మనసు మక్కాలో’. అమెరికాలో కొడుకున్న ఇంటివాళ్లు అక్కడి ఎన్నికల గురించి రాత్రంతా టీవీ చూస్తే విశాల దృష్టి. మా బస్తీలో చాయ్ హోటల్ బల్లమీద నలుగురు ముసలివాళ్లు బాగ్దాద్ గురించి బాధపడితే దేశం మీద ప్రేమలేకపోవడం.

ఒక సభలో జరిగింది చెప్తాను. వక్త యుక్రెయిన్ యుద్ధం గురించి పది నిమిషాలు మాట్లాడాడు. బాగానే మాట్లాడాడు. ప్రశ్నల సమయంలో ఒక కుర్రాడు లేచి, మరి గాజా సంగతేమిటి సార్ అన్నాడు. వక్త నోరు తెరిచేలోపే నిర్వాహకుడు మైకు లాక్కుని ‘రాజకీయాలొద్దు, టైం అయిపోయింది’ అన్నాడు. వాడు కూర్చున్నాక ఒక లెక్చరర్ వెళ్లి పేరు, ఏ గ్రూపు అని అడిగి రాసుకున్నాడు. 1947లో ఐక్యరాజ్యసమితిలో పాలస్తీనా విభజనకి వ్యతిరేకంగా ఓటేసింది భారతదేశం. 1988లో పాలస్తీనాని దేశంగా గుర్తించింది భారతదేశం. ఆ కుర్రాడు అడిగింది ఈ దేశపు విదేశాంగ విధానం గురించే. పేరు ఇంకొకటైతే ఆ ప్రశ్న ‘వరల్డ్ అఫైర్స్’ కిందికే వచ్చేది.

ప్రపంచ పౌరసత్వం ప్రకటించడానికి కొన్ని నెలల ముందు, 2012 ఏప్రిల్‌లో, బాన్ కీ మూన్ ఢిల్లీ వచ్చి గౌరవ డాక్టరేట్ తీసుకున్నాడు. ఏ యూనివర్సిటీ నుంచి అనుకున్నారు? జామియా మిల్లియా నుంచే. ఏడేళ్ల తర్వాత, 2019 డిసెంబర్ 15న, పోలీసులు అదే జామియాలో దూరి లైబ్రరీలో చదువుకుంటున్న పిల్లల్ని లాఠీలతో కొట్టారు. అంతకు నాలుగు రోజుల ముందే పౌరసత్వ సవరణ చట్టం పార్లమెంటు దాటింది. పొరుగుదేశాల నుంచి వచ్చినవాళ్లలో ఏ మతంవాళ్లకి తొందరగా పౌరసత్వం ఇవ్వాలో వరసగా పేర్లు రాసి, మా పేరు వదిలేసిన చట్టం. ఆ ఆగస్టు 31న అస్సాంలో వచ్చిన తుది జాబితా నుంచి 19 లక్షలమంది పేర్లు పోయాయి. హిందువులూ వున్నారు, ముస్లింలూ వున్నారు. వాళ్లని ఏ దేశం పౌరులనాలి?

ఆ చలికాలమంతా మా ఇళ్లలో ట్రంకుపెట్టెలు దించారు. తాత సర్వీసు బుక్కు, నానమ్మ నిఖానామా, 1950ల నాటి రేషన్ కాగితం. ఒకే మనిషి పేరు ఒకదాంట్లో మహమ్మద్, ఇంకోదాంట్లో మొహమ్మద్, మూడోదాంట్లో ఎం.డి. ఉర్దూ నుంచి తెలుగుకీ, తెలుగు నుంచి ఇంగ్లీషుకీ పోయేసరికి ఒక పేరు మూడు పేర్లయింది. రెండు లిపులు తెలిసినవాణ్ని కాబట్టి మా వీధివాళ్లు ఆ కాగితాలు నా దగ్గరికే తెచ్చేవాళ్లు. 2020 జనవరి 4న హైదరాబాద్‌లో జరిగిన మిలియన్ మార్చ్‌కి జాతీయ జెండాలు పట్టుకుని వచ్చినవాళ్లలో ఎంతమంది డిగ్రీ పిల్లలు! పౌరసత్వం గురించి వాళ్లు నేర్చుకున్నది సెమినార్ హాల్లో కాదు.

ఉపన్యాసాల్లో ఎప్పుడూ రాని ఇంకో ప్రపంచ పౌరుడున్నాడు. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల నుంచి దుబాయ్ పోయినవాడు. కడప, కోనసీమ నుంచి కువైట్‌కి ఖద్దామాగా పోయిన ఆడమనిషి. ముస్లింలే కాదు, వాళ్లలో ఎక్కువమంది బీసీలు, దళితులు. లేబర్ క్యాంపులో ఒక గదిలో నేపాలీ, బంగ్లాదేశీ, ఫిలిప్పీనో, తెలుగువాడు కలిసి వండుకుతింటారు. అరబ్బీలో బేరం చేస్తారు, హిందీలో తిట్టుకుంటారు, తెలుగులో ఏడుస్తారు. నాలుగు దేశాల కూడలి ఆ గది. కానీ ప్రపంచ పౌరుడికి ముందు కావాల్సిన పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో వుంటుంది. కఫీల్‌ని వదిలి పారిపోతే వాడు ఖల్లివెల్లి. అంటే ఎవరికీ చెందనివాడు. ఖతర్ 2020లో, సౌదీ 2021లో ఈ పద్ధతిని కొంత సడలించాయి. సౌదీ సడలింపు ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లకి వర్తించలేదు.

మన దేశం కూడా వాళ్ల పాస్‌పోర్టుని వేరుగానే చూసింది. 1983 నాటి వలస చట్టం కింద, పదో తరగతి పాసుకానివాడిది ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు. గల్ఫ్‌తో సహా 18 దేశాలకి పనికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. మోసపోకుండా కాపాడ్డానికే అంటారు. నిజమే, కొంత కాపాడింది కూడా. కానీ ఒకే దేశపు పౌరులకి రెండు రకాల పాస్‌పోర్టులుండటం గురించి ఏ ప్రపంచ పౌరసత్వ వక్తా మాట్లాడగా నేను వినలేదు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన తాపీమేస్త్రీని మైకు ముందు నిలబెట్టిన యూనివర్సిటీని కూడా చూడలేదు. ఆ మేస్త్రీ కొడుకు మాత్రం కింద కూర్చుని, ప్రపంచాన్ని ఎలా మార్చాలో ఇంకొకడు చెప్తే వింటుంటాడు.

తప్పంతా కాలేజీలదే అననక్కర్లేదు. 2021 జనవరిలో కేంద్ర విద్యాశాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. దేశ భద్రత, సరిహద్దులు, అంతర్గత వ్యవహారాలతో సంబంధం వున్న విషయాల మీద ప్రభుత్వ యూనివర్సిటీలు విదేశీయులతో ఆన్‌లైన్ సదస్సు పెట్టాలంటే ముందుగా విదేశాంగశాఖ అనుమతి తీసుకోవాలని. శాస్త్రవేత్తలు గట్టిగా అభ్యంతరం చెప్పాక ఫిబ్రవరిలో దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఉత్తర్వు పోయింది గానీ అది నేర్పిన భయం పోలేదు. 2024 ఫిబ్రవరిలో లండన్ వెస్ట్‌మినిస్టర్ యూనివర్సిటీ ప్రొఫెసర్ నితాషా కౌల్ కర్ణాటక ప్రభుత్వ ఆహ్వానం మీద వస్తే బెంగుళూరు విమానాశ్రయంలోనే ఆపి తిప్పి పంపేశారు. ఆమె మాట్లాడాల్సింది రాజ్యాంగం గురించి. ఇవన్నీ చూశాక ఏ ప్రిన్సిపాల్ అయినా ఏం చేస్తాడు? ‘పాజిటివ్ థింకింగ్’ చెప్పేవాణ్ని పిలుస్తాడు.

అయితే సెక్యులర్ మిత్రులతో ఒక మాట వుంది. ప్రపంచం గురించి మాట్లాడ్డానికి మీరెప్పుడైనా ఒక ముస్లింని పిలిచారా? మమ్మల్ని పిలిచే రోజులు, పిలిచే అంశాలు మాకు కంఠతా వచ్చు. తలాఖ్ మీద చర్చ అయితే పిలుస్తారు. రంజాన్ నెలలో మతసామరస్యం అయితే పిలుస్తారు. ఉర్దూ తెలుగు సంబంధాలు, పాతబస్తీ వంటకాలు, ముషాయిరా. బాంబు పేలితే ఖండించడానికి పిలుస్తారు. వాతావరణ మార్పు, చమురు ధరలు, సూడాన్ యుద్ధం, చైనా రోడ్లు మాత్రం మీవి. మా గురించి మేం, అందరి గురించి మీరు. హిందూత్వవాది మమ్మల్ని దేశంలోంచి పొమ్మంటాడు. మీరు మమ్మల్ని ఎంతో ప్రేమగా మా మొహల్లాలోనే వుండమంటారు. ఇదే పని దళితుల విషయంలోనూ, ఆడవాళ్ల విషయంలోనూ చేశారని వాళ్లు మాకంటే ముందే చెప్పారు.

కొన్నేళ్ల కింద ఒక జిల్లా కాలేజీవాళ్లు ఫోన్ చేసి గెస్ట్ లెక్చర్ ఇమ్మన్నారు. పశ్చిమాసియాలో నదీజలాల తగాదాల గురించి చెప్తానన్నాను. సరేనన్నారు. తీరా వెళ్లి చూస్తే ఫ్లెక్సీ మీద నా ఫోటో, కింద ‘ఇస్లాంలో శాంతి సందేశం’. పక్కన ఒక మినార్ బొమ్మ. ప్రిన్సిపాల్ గారు నొచ్చుకుని, ‘మీ పేరు చూసి మావాళ్లు అలా వేయించారండీ, ఏమనుకోకండి’ అన్నారు.

నేను నీళ్ల గురించే మాట్లాడాను. 1990 జనవరిలో అతాతుర్క్ ఆనకట్ట నింపడానికి టర్కీ నెలరోజుల పాటు యూఫ్రటీస్‌ని ఆపేసిన సంగతి, దిగువన సిరియా, ఇరాక్ గగ్గోలు పెట్టిన సంగతి, ముగ్గురూ ముస్లింలే అయినా నీళ్ల దగ్గర ఉమ్మత్ గుర్తురాని సంగతి చెప్పాను. కృష్ణా ఆయకట్టు పిల్లలు వాళ్లు. ఎగువ, దిగువ అన్న మాటలు నేను వివరించాల్సిన పని లేకపోయింది. ఆల్మట్టి ఎత్తు గురించి నాకంటే వాళ్లకే ఎక్కువ తెలుసు. ప్రశ్నలకి చీటీలు పంచబోతే వద్దన్నాను. లేచి అడగమన్నాను. గంటసేపు అడిగారు. చివర్న ఒక అమ్మాయి లేచి, ‘సార్, ఇదే లెక్చరు టర్కీ ఆయన వచ్చి చెప్తే ఎలా చెప్తాడు?’ అంది. ప్రిన్సిపాల్ గారు టైం చూసుకున్నారు. నేను టర్కీవాడి వాదన మొదలుపెట్టాను.